బొగ్గు రైళ్ల కూడలిలో వెలసిన దేవాలయము

శంషాబాదు విమానాశ్రయమున దిగి హైదరాబాదునకు వచ్చువారికి నేడు మొదట కానవచ్చునవి విశాలమైన దారులును, వాని మీది వంతెనలును. 2008వ సంవత్సరము మార్చిలో ఆ విమానాశ్రయము తెఱువబడుటకు పూర్వము శంషాబాదు కర్నూలు బాటమీద నున్న యొక సామాన్యమైన ఊరు. ఆ బాటవెంట దక్షిణముగా పోయినచో కర్నూలు, అటుపై నంద్యాల, కడప. ఈ ప్రాంతముల ఆంగ్లికను క్రైస్తవ సంఘములపై ఒకప్పుడు అధికారము వహించిన బిషప్పు హైదరాబాదులో నుండలేదు, మద్రాసులోను ఉండలేదు. హైదరాబాదునకు తూర్పుగా రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున, బొగ్గు బండ్లు దారి మార్చుకొను ఒక రైలు కూడలిలో నుండిరి. ఆ కూడలి పేరు డోర్నకల్. వారు కట్టించిన దేవాలయము నేటికిని అచ్చట నిలిచియున్నది. సికింద్రాబాదు నుండి విజయవాడకు పోవు రైళ్లలో ప్రతిదినము వేలమంది ఆ స్టేషను దాటిపోవుచుందురు. దిగి చూచువారు మాత్రము తక్కువ.

ఆంగ్లికను సంఘమనగా ఇంగ్లండు రాజ్యాంగముతో ముడిపడిన సంఘము. దాని పేరులోనే ఆంగ్లేయత్వమున్నది. అట్టి సంఘమునకు చెందిన గుడి నిజాము రాజ్యములోని యొక మారుమూల స్టేషనులో గుమ్మటములతోను, చెక్కడపు స్తంభములతోను ఏల వెలసెను? అది ఎవరి గుడి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మొదట మనకు దగ్గఱనున్న గుడులనుండియే ప్రారంభింపవలెను.

1798లో నిజామునకును ఈస్టిండియా కంపెనీకిని జరిగిన సంధి ననుసరించి ఇంగ్లీషు సైన్యము హైదరాబాదు శివారులలో విడిసెను. 1806లో ఆ దండు స్థలమునకు సికందర్ జా పేర సికింద్రాబాదని నామకరణము జరిగినది. ఏడేండ్లకు, అనగా 1813లో, అచ్చట సెయింట్ జాన్స్ చర్చి కట్టిరి. 1847లో బొల్లారములో హోలీ ట్రినిటీ చర్చియు, 1860లో తిరుమలగిరిలో ఆల్ సెయింట్స్ చర్చియు లేచినవి. బొల్లారము చర్చికి విక్టోరియా రాణి తన సొంత ధనము నిచ్చెనని ప్రతీతి. 1983 నవంబరులో ఎలిజబెత్ రాణి హైదరాబాదునకు వచ్చినపుడు తన వివాహ దినోత్సవపు ప్రార్థనకు ఆ చర్చికే పోయినది. ఇవి చక్కని కట్టడములు, సందేహము లేదు. కాని ఇవి ప్రధానముగా దండు గుడులు. సిపాయిలకు, దొరలకు, వారి కుటుంబములకు ఉద్దేశింపబడినవి. గోడలమీది స్మారక ఫలకములు చదివినచో ఎండ దెబ్బకు, కలరాకు, జ్వరమునకు చిన్న వయసుననే రాలిపోయిన ఆంగ్లేయుల పేర్లు కనబడును. వానిని చదివి జాలిపడని వారుండరు. అయినను ఊరివాడు ఆ గుడిని తన గుడి యనుకొనుట కచ్చట ఆధారమేదియు కానరాదు.

తెలుగువారి నడుమ ఆంగ్లికను సంఘము వేళ్లూనినది దండులో గాదు, తీరమున. 1841లో రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను నిరువురు మచిలీపట్టణము చేరిరి. నోబులు పేరు ఆయన స్థాపించిన పాఠశాల మూలమున మన పెద్దలకు బాగుగ తెలిసినదే. పిమ్మట ఆ మిషను మెల్లమెల్లగా లోపలి సీమలకు పాకినది. గోదావరి మీద దుమ్ముగూడెము వద్ద నౌకామార్గపు పనులు సాగుచున్న దినములలో, ఆ పనులు చూచుచుండిన హెయిగ్ అను ఇంజనీరు కోయవారి కొఱకు మిషనును పిలిపించెను. ఆనకట్ట పని జరిగినచోట గుడి వెలియుట అచ్చటనే మొదలైనదనవచ్చును. తరువాతి పని బొగ్గు పని.

ఇల్లెందును ఆ ప్రాంతమువారు బొగ్గుట్ట యని పిలుచుట కలదు. భద్రాచల యాత్రికు లెవరో దారిలో వంట చేసికొనుటకు నల్లరాళ్లు మూడు తెచ్చి పొయ్యి పెట్టగా, కట్టెలతోపాటు రాళ్లును మండినవట. ఇది జనశ్రుతి. చరిత్రకెక్కిన మాట యేమనగా, భూగర్భశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు 1871 ప్రాంతమున ఇల్లెందు పరిసరములలో బొగ్గు పొరలను గుర్తించెను. గనికి మాత్రము ఇల్లెందు పేరు గాక సమీపమందలి సింగరేణి గ్రామము పేరు స్థిరపడినది. ఒక పల్లెటూరి పేరు ఇట్లు దేశమంతట ప్రాకుట అరుదు.

బొగ్గున్నదని తెలిసిన వెంటనే బొగ్గు రాదు, రైలు కావలెను. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు వచ్చినది. దానిని తూర్పునకు పొడిగించు పథకముపై 1883లో హైదరాబాదులో గొప్ప అలజడి చెలరేగెను. చాందా రైలు వ్యవహారమని దానికి పేరు. లండను కంపెనీకి నిజాము ఖజానా నుండి జామీను ఇచ్చుట రాజ్యమునకు నష్టమని వాదించినందుకు, సరోజినీదేవి తండ్రియగు అఘోరనాథ చట్టోపాధ్యాయుడు రాజ్యమునుండి వెడలగొట్టబడెను. నిరసన నిరసనగానే యుండెను, రైలు రైలుగానే సాగెను. 1886 నాటికి వరంగల్లు, 1888 నాటికి డోర్నకల్ మీదుగా ఇల్లెందు గనులు, 1889 నాటికి బెజవాడ. గనుల హక్కులను 1886లో లండనులో నేర్పడిన హైదరాబాదు దక్కను కంపెనీ సంపాదించెను. ఆ హక్కుల అమ్మకములో జరిగిన గోలమాలును 1888లో ఇంగ్లండు పార్లమెంటు సంఘమే విచారింపవలసి వచ్చెను. నిజాము కొలువులో ఉన్నత పదవిలో నుండిన అబ్దుల్ హక్కు ఉద్యోగము కోల్పోయెను. ఈ విషయములు గుడి కథకు దూరముగా తోచవచ్చును. కాని డోర్నకల్ అను కూడలి పుట్టుటకు కారణము ఇవియే. భక్తి కొఱకు గాని, వర్తకము కొఱకు గాని వెలసిన ఊరు కాదది. ఇల్లెందు బొగ్గు వచ్చి ప్రధాన మార్గమును కలిసికొను చోటు, అంతే.

గనులలోనికి కూలీలు కావలసివచ్చిరి. తెలంగాణపు పల్లెలనుండియు, కృష్ణా తీరమునుండియు జనము వచ్చి చేరెను. వారిలో క్రైస్తవులును కొందఱుండిరి. తమ ఊళ్లలో అంటరానివారుగా వెలివేయబడిన మాల, మాదిగ కుటుంబములకు గని పని ప్రాణాపాయమైనదే యైనను, కూలి డబ్బు చేతికి వచ్చెడి పని. మద్రాసు బిషప్పు అధికారము క్రింద సింగరేణి మిషను ఏర్పడి అచ్చటి క్రైస్తవుల యోగక్షేమములు చూచుచుండెను. ఈ స్థితిలో కథ యొక వింత మలుపు తిరిగినది. డోర్నకల్ పరిసరములకు క్రొత్తగా వచ్చిన మిషనరీలు ఇంగ్లండు వారు కారు, తిరునెల్వేలి తమిళులు.

1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమలో తాము చందాలు వేసికొని ఇండియను మిషనరీ సొసైటీ యను సంఘమును స్థాపించుకొనిరి. తమ ధనముతో, తమ మనుష్యులతో, తమ నిర్వహణములో పరప్రాంతమునకు పోయి పనిచేయవలెనని వారి సంకల్పము. దీనికి ముఖ్యకారకుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు. వీరు 1874 ఆగస్టు 17వ తేదీన వెళ్లాలన్‌విళై యను పల్లెలో గ్రామ గురువు కుమారుడుగా జన్మించిరి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి, పట్టము పుచ్చుకొనలేదు. యువజన క్రైస్తవ సంఘములో కార్యదర్శిగా పెక్కేండ్లు దక్షిణదేశమంతయు తిరిగిరి. సంఘము తన మొదటి మిషనరీని మానుకోట తాలూకాకు పంపినది 1904లో. మానుకోట యనగా నేటి మహబూబాబాదు. తాము పంపిన మనుష్యుల వెనుక తామును పోవలెనను పట్టుదలతో అజరయ్యగారు 1909లో గురువుపట్టము పొంది డోర్నకల్‌కు తరలివచ్చిరి. అప్పటికి వారికి ముప్పది యయిదేండ్లు. తెలుగు అక్షరములు ఆ వయసున దిద్దవలసివచ్చెను.

మఱుసటి సంవత్సరము స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. అచ్చట వారు మాటలాడుచు, పాశ్చాత్య మిషనరీల త్యాగమును కొనియాడి, కాని మాకు లేనిది మీ స్నేహమని నిర్మొగమాటముగ చెప్పిరి. దానములు మెండుగా వచ్చినవి, సమానముగా ప్రక్కను కూర్చుండబెట్టుకొనుట రాలేదని దాని తాత్పర్యము. సభలో కొందఱికి ఆ మాటలు ములుకులై నాటినవి. అయినను మద్రాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్డుగారు చలింపలేదు. అంతకు ముందునుండియు వారి మనసులో నున్నది భారతీయుని నొకని బిషప్పుగా చేయుట.

దీనికి వచ్చిన అభ్యంతరములు సామాన్యమైనవి కావు. నల్లవాని చేతిక్రింద తెల్ల మిషనరీలు పనిచేయుటెట్లని కొందఱు బాహాటముగానే యడిగిరి. ఇంతకంటె చిత్రము, మన క్రైస్తవులలోనే కొందఱు తమ బిషప్పు దొరయే కావలెననిరి. కడకు నిజాము రాజ్యపు ఆగ్నేయ మూలలో డోర్నకల్, ఖమ్మముమెట్టు, సింగరేణి ప్రాంతములు మాత్రము చేర్చి యొక చిన్న అధ్యక్ష ఖండమును కల్పించిరి. అది చిన్నదగుటయు, తెల్లవారు తక్కువగా నున్నదగుటయు ఆక్షేపణలను కొంత తగ్గించియుండును. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథీడ్రలులో అజరయ్యగారికి అభిషేకము జరిగినది. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నొందిన ప్రథమ భారతీయులు వీరే. ఎనిమిదేండ్లు గడచిన పిమ్మట కృష్ణా, గోదావరి జిల్లాల సంఘములను, తరువాత కర్నూలు, కడప సంఘములను సైతము వీరి ఖండమునకు జతపఱచు ఏర్పాటు సాగినపుడు పాత వివాదము తిరిగి లేచెను. ఈ మాఱు తెల్ల మిషనరీలు నిజముగానే పెక్కుమంది వీరి చేతిక్రిందికి రావలసియుండెను. వచ్చిరి. ఆకాశమేమియు విరిగిపడలేదు.

డోర్నకల్‌లో జరిగిన పనిని చూచినచో గుడి కంటె ముందు కట్టినది మనుష్యులనని చెప్పవలెను. గురువులు కాదలచినవారికి అచ్చట స్థాపించిన విద్యాలయములో బోధ తెలుగులోనే జరిగెడిది. పెండ్లియైనవారు భార్యాబిడ్డలతో వచ్చి నివసించెడివారు. భర్త వేదాంతము చదువుచుండగా భార్య చదువను, వ్రాయను, పసిబిడ్డల పోషణమును నేర్చుకొనెడిది. అజరయ్యగారి భార్య అంబు మరియమ్మాళ్ గారి పర్యవేక్షణ దీనిలో మిక్కుటము. చదువుకొన్నవాడు పల్లెకు పోయి గడ్డము నిమురుకొనుచు అరుగుమీద కూర్చుండు గురువు కారాదని బిషప్పుగారి కోరిక. కావున పొలము పని, చేతిపని కూడ పాఠములో భాగమే. ఒక ముద్రణాలయము నెలకొన్నది. అధ్యక్ష ఖండపు పత్రిక అచ్చటనే వెలువడెడిది.

పల్లెలలో ఉపదేశియే బడిపంతులు. పగలు కూలికి పోవు బిడ్డలకు రాత్రిపూట దీపము పెట్టి అక్షరాలు చెప్పెడివాడు. ఊరి బావి దగ్గఱకు పోరాని పిల్లవాడు ఆ దీపము వద్ద పలక పట్టుకొనుట యెంతటి మార్పో నేటివారికి వివరించి చెప్పనక్కఱలేదు. ఆ ఉపదేశుల జీతములు ఎచ్చటనుండి వచ్చినవి? విదేశ ధనము లేదనుట అసత్యము, కలదు. కాని సంఘము తన కాళ్లమీద తాను నిలువవలెనన్న పట్టుదల బిషప్పుగారిది. ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేఱు కుండలో వేయవలెను. ఆదివారము ఆ కుండ గుడికి రావలెను. ఇది పిడికెడు బియ్యపు కానుక. రెండు పూటల తిండి గడచుటయే కష్టముగానున్న ఇంట ఆ పిడికెడు ఎంత బరువో లెక్కించుకొనుడు. కోతపండుగలో రైతు ధాన్యము, పేద స్త్రీ కోడిపెట్ట, గుమ్మడికాయ, గ్రుడ్లు తెచ్చి బలిపీఠము ముందుంచి, తరువాత వేలము పాడుకొనుట యొక పెద్ద వేడుక.

ఆరాధనలో తెలుగు కీర్తనలు ప్రవేశించుట మఱియొక విశేషము. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు మిషనుల ఎల్లలు దాటి అప్పటికే తెలుగు క్రైస్తవులందఱి నాలుకలమీద నుండెను. ఇంగ్లీషు రాగమునకు తెలుగు మాటలు బలవంతముగా కూర్చిన పాటకంటె, మన రాగతాళములలో నడచు కీర్తన చదువురాని స్త్రీకి సులువుగా కంఠస్థమగును. అజరయ్యగారు తమిళులైనను ఈ విషయమున తెలుగు ప్రజల పక్షమే వహించిరి. ఇచ్చట నొక చిన్న విమర్శ చేయవలసియున్నది. ప్రార్థన పుస్తకమును, గురువుల వస్త్రధారణమును, ఆరాధన క్రమమును మాత్రము వారు ఆంగ్లికను పద్ధతిలోనే గట్టిగా నిలిపిరి. పాట మనది, క్రమము వారిది. రెండును ఒకచోట ఎట్లు పొసగెనని అడుగుట సులభము. అచ్చటి జనులకు మాత్రము పొసగినదనియే చెప్పవలెను.

ఇప్పుడు దేవాలయము సంగతి.

ఆ దినములలోనే నిజాము రాజ్యములో మఱియొక మహాదేవాలయము లేచుచుండెను. అది మెదకులోనిది. వెస్లియను మిషనుకు చెందిన పాస్నెట్టుగారు కఱవు కాలమున జనమునకు పని కల్పించుచు దానిని కట్టించిరి. 1914లో మొదలై 1924 క్రిస్మసు నాటికి ప్రతిష్ఠయైనది. నూటడెబ్బదియైదు అడుగుల శిఖరము, రంగుటద్దముల కిటికీలు, యూరోపు ఖండపు గోథిక్ శైలి. మెదకు గుడి చూడని తెలుగువాడు అరుదు. చూచి తలయెత్తి నోరు తెఱువనివాడు మఱియు అరుదు. దానితో పోల్చిచూచినచో డోర్నకల్ గుడి యొక్క ప్రత్యేకత బాగుగ తెలియును.

డోర్నకల్ కట్టడమునకు ఇంచుమించు పాతికేండ్లు పట్టినది. ఆ నడుమ మొదటి ప్రపంచ యుద్ధము వచ్చెను; వస్తువుల వెల పెరిగెను. కాని ఆలస్యమునకు యుద్ధమొక్కటే కారణమని నాకు తోచదు. పల్లెల ఉపదేశికి జీతమిచ్చుటయా, గుడి గోడకు రాయి తెచ్చుటయా అన్న ప్రశ్న వచ్చినపుడు, వేలకొలది జనము క్రొత్తగా వచ్చి చేరుచున్న ఖండములో మొదటిదానికే మొగ్గు చూపుట సహజము. రాయి ఆగినది, ఉపదేశి ఆగలేదు. దీనిని నా యూహగానే గ్రహింపుడు.

గుడి స్వరూపము సంగతి వేఱు. అది యూహ గాదు, కన్నులారా చూడదగినది. దూరమునుండి చూచువానికి గుమ్మటములు, మీనారులవంటి బురుజులు కనబడి మసీదేమో యని భ్రమ కలుగును. లోనికి పోయినచో చెక్కడపు రాతి స్తంభములు దక్షిణదేశ దేవాలయ మండపములను తలపించును. పద్మము అలంకారమై యున్నది. తూర్పున బలిపీఠము, దానిపై సిలువ క్రైస్తవ సంప్రదాయము. హిందువుల శిల్పము, ముసల్మానుల వాస్తువు, క్రైస్తవుల ఆరాధన మూడును ఒక కప్పు క్రిందికి తేవలెనని బిషప్పుగారు ఉద్దేశపూర్వకముగా కోరుకొన్నది ఇది. నిజాము రాజ్యములోని ఊళ్లలో కోవెల, మసీదు ప్రక్కప్రక్కనే యుండుట మనమెఱుగుదుము. ఆ రెంటిని చూచి పెరిగిన తాపీ మేస్త్రీకి గుమ్మటము తిప్పుట యొకరు నేర్పనక్కఱలేదు, కంబము చెక్కుట నేర్పనక్కఱలేదు. గోథిక్ శిఖరమునకు నమూనా పటము సముద్రము దాటి రావలెను. ఈ గుమ్మటమునకు నమూనా కంటి యెదుటనే కలదు.

శిల్పశాస్త్రజ్ఞులు ఇట్టి కలగలుపును మెచ్చకపోవచ్చును. మూడు శైలులు కలిసినచోట ఏదో యొకటి పలుచబడుట కద్దు. మెదకు శిఖరమునకున్న ఏకాగ్రత, ఔన్నత్యము డోర్నకల్‌లో లేవు. దానిని దాచనక్కఱలేదు. అయినను సికింద్రాబాదు దండు గుడి యెదుట దూరమున నిలిచిన ఊరివాని సంకోచమును తలచుకొని డోర్నకల్ మండపములో అడుగిడినచో తేడా తెలియును. అచ్చటి స్తంభము అతడు చిన్ననాట చూచిన స్తంభము వంటిదే. ఒక్కటే భేదము: చిన్ననాట చూచిన ఆ స్తంభమును తాకుటకు అతనికి హక్కు లేకుండెను.

తాంబరములో 1938 డిసెంబరు నెలాఖరున ప్రపంచ మిషనరీ సభ ముగిసినది. కొలది దినములకే, 1939 జనవరి 6వ తేదీన, డోర్నకల్ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. ఆ తేదీ క్రైస్తవ పంచాంగములో ప్రత్యక్షత పండుగ, ఇంగ్లీషులో ఎపిఫనీ. తూర్పుదేశపు జ్ఞానులు నక్షత్రమును చూచి బాలయేసును దర్శింప వచ్చిన దినముగా దానిని కొనియాడుదురు. గుడికి ఆ పండుగ పేరే పెట్టిరి. బిడ్డ పుట్టిన దేశమువారు గాక, తూర్పునుండి తమ కానుకలు తాము పట్టుకొని వచ్చినవారు ఆ కథకు నాయకులు. అజరయ్యగారు ఆ పేరు ఎన్నుకొనుటలో అంతరార్థము గ్రహించుట కష్టము కాదు.

ఇంతవఱకు చెప్పినది ఒక ప్రక్క. రెండవ ప్రక్కయు కలదు. 1930ల నాటికి డోర్నకల్ ఖండములోని క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలకు పైబడెను. వారిలో అత్యధికులు మాల, మాదిగ వాడలవారు. ఈ సామూహిక మతాంతరములను గాంధీమహాత్ముడు గట్టిగా ఆక్షేపించెను. చదువురాని జనమునకు మతముల తారతమ్యము తెలియదనియు, వారిని అట్లు చేర్చుకొనుట తగదనియు ఆయన వాదము. తమ మేలు తామెఱుగలేనివారని పేదలను తలచుటయే వారికి అవమానమనియు, మతమును ఎన్నుకొను స్వాతంత్ర్యము అందఱికి నున్నదనియు అజరయ్యగారి పక్షము. ఇరువురును దేశాభిమానులే, ఇరువురును అంటరానితనము పోవలెనన్నవారే. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని అజరయ్యగారు కోరుట గమనింపదగినది. క్రైస్తవులు తమ దేశస్థులనుండి వేఱుపడి యొక రాజకీయ పక్షము కాగూడదని వారి మతము. ఈ వివాదములో ఎవరు గెలిచిరని తీర్పు చెప్పుటకు నేను సిద్ధముగా లేను. తమ తరపున ఇరువురు మహనీయులు వాదించుచుండగా, ఆ వాడలలోని జనము ఏమనుకొనిరో వ్రాసిపెట్టినవారు మాత్రము తక్కువ. అది చరిత్రకు లోటు.

సంఘములోని కులభేదము కూడ పూర్తిగా పోయినదనుట సత్యముకాదు. మాలలకును మాదిగలకును నడుమ నున్న పాత ఎడము గుడి తలుపు దగ్గఱ ఆగక లోనికిని వచ్చెను. ఒకే పంక్తిని ప్రభురాత్రి భోజనము పుచ్చుకొనుటకు సమ్మతింపని సందర్భములు కలవు. బిషప్పుగారు దీనిపై జీవితాంతము పోరాడిరి.

వారి రెండవ పోరాటము సంఘముల ఐక్యము కొఱకు. 1919లో తరంగంబాడిలో వివిధ సంఘముల భారతీయ గురువులు కూడి, మనలను వేఱు చేయుచున్న ఈ విభేదములు ఇంగ్లండులో, స్కాట్లండులో, అమెరికాలో పుట్టినవి, మనవి కావు, కావున కలియుదమని నిశ్చయించిరి. వారిలో అజరయ్యగారొకరు. సంప్రదింపులు ఇరువది యెనిమిదేండ్లు సాగినవి. 1945 జనవరి 1వ తేదీన అజరయ్యగారు డోర్నకల్‌లో స్వర్గస్థులైరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రలులో దక్షిణ ఇండియా సంఘము అవతరించెను. స్వాతంత్ర్యము వచ్చి అప్పటికి ఆఱు వారములు. ఆ దినముతో డోర్నకల్ గుడి ఆంగ్లికను గుడి యగుట మానినది. నూతన సంఘములో నొక అధ్యక్ష ఖండమునకు ప్రధాన దేవాలయమైనది. ఆ సంఘపు చిహ్నములో సిలువ చుట్టును తామరరేకులుండుట శ్రోతలలో పలువురు చూచియుందురు.

అందఱును కలియలేదు. కర్నూలు బాటలో మొదట చెప్పుకొన్న నంద్యాల ప్రాంతమున వేలకొలది ఆంగ్లికనులు క్రొత్త సంఘములో చేరమని పట్టుబట్టి, దీర్ఘకాలము వేఱుగనే యుండిరి. ఇంగ్లండు దొరలు పెట్టిన పేరును దొరలు విడిచినను నంద్యాల పల్లెవారు విడువలేదు. దీనిని మూర్ఖత యనువారు కలరు. తాతలు కష్టపడి సంపాదించుకొన్నదానిని ఎవరో మార్చుచున్నారను బాధ దానిలో లేకపోలేదు. మెదకు గుడి కూడ ఈ సంఘములోనే చేరినది. సికింద్రాబాదు సెయింట్ జాన్స్, బొల్లారము హోలీ ట్రినిటీ నేడు మెదకు అధ్యక్ష ఖండము క్రింద నున్నవి. ఆంగ్లేయుల దండు గుడులకు వెస్లియనులు కట్టిన గుడి పెద్దదిక్కగుట కాలము చేసిన చమత్కారము.

బొగ్గు కథయు మారినది. 1920లో కంపెనీ సింగరేణి కాలరీస్ అను పేరు దాల్చెను. 1945లో నిజాము ప్రభుత్వము దాని వాటాలలో అధికభాగము కొనెను. 1927లో కారేపల్లి నుండి కొత్తగూడెము వైపునకు, అనగా భద్రాచలం రోడ్డు స్టేషనునకు, క్రొత్త శాఖ వేయబడినది. కంపెనీ ప్రధాన కార్యాలయము కొత్తగూడెముననే కలదు. ఇల్లెందు ప్రాముఖ్యము తగ్గి గోదావరి లోయలోని గనులు పైకి వచ్చినవి. బొగ్గు తాను నడిపించిన ఆవిరి యంత్రములే ప్రధాన మార్గముపై నేడు లేవు. విద్యుత్తుతో నడచు రైళ్లు డోర్నకల్ స్టేషనును దాటిపోవుచున్నవి. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినపుడు ఆ ఊరు మహబూబాబాదు జిల్లాలో చేరినది. తిరునెల్వేలివారు తమ మొదటి మనిషిని పంపిన మానుకోటయే ఆ జిల్లాకు ముఖ్యపట్టణము.

గుడి ఆవరణలో అజరయ్యగారి సమాధి కలదు. తమిళదేశమున పుట్టి, తెలుగులో ప్రార్థించి, ఇంగ్లండు సంఘమున బిషప్పైన ఆయన అచ్చటనే, తాము కట్టించిన గుమ్మటముల నీడలో విశ్రమించుచున్నారు. భద్రాచలం రోడ్డు వైపు పోవు రైలు ఆ ఊరివద్దనే ప్రధాన మార్గమును విడిచి ప్రక్కకు తిరుగును.